అరగంట సంచి

మా ఆటలో చచ్చిపోతే సంచి రాలుతుంది.
మనిషి మాయమై, ఊరి మొగలో
గుడ్డిదీపం కింద ఒట్టి చొక్కాతో లేస్తాడు.
కత్తి, కవచం, మూడువారాల నాణేలు
పడ్డచోటే, సంచిలో.
అరగంట దాటితే ఎవరికి దొరికితే వాళ్ళది.

నాకు మొదట కంటపడింది ఆ సంచే.
ఎవడు గీశాడో గాని
పడుగు ఉంది, పేక లేదు.
పంతొమ్మిదేళ్ళు రాజాం మిల్లులో మగ్గం తోలినవాణ్ణి,
ధాన్యం గోనెకి నడిమధ్య నీలిచార నేసినవాణ్ణి,
నాకు తెలీదేటి?

ఇప్పుడు చీరలకొట్టు ముందు నైట్ డ్యూటీ.
షట్టరు దించాక
ప్లాస్టిక్ కుర్చీ, దోమలబత్తి, ఫోను.
ఆటలో నా పేరు గోనె.
లెవెల్ యాభైరెండు.

మొన్న కంపెనీవాళ్ళు అడిగారు:
చావుకి ఎంత శిక్ష ఉండాలి?
మా జట్టు పదకొండు మందిమీ
చెవుల్లో వైర్లు పెట్టుకుని పంచాయతీ.

డిగ్రీ రెండోసారి తప్పిన పొందూరు డిల్లేశ్వరరావు
"మొత్తం పోవాల బాబాయ్, లెవెల్‌తో సహా.
బయిం నేకపోతే ఆటేటి?" అన్నాడు.
నర్సింగు చదివే యామిని
"ఏటీ పోకూడదు" అంది.
"పగలంతా వార్డులో సూసింది సాలదా,
ఇక్కడ కూడా నెక్కలు కట్టాలేటి?"

పెద్దోడివి, నువ్వు చెప్పమన్నారు.

నేనేం చెప్పను?
ఒక సోమవారం పొద్దున్న షిఫ్టుకి వెళితే
గేటుకి తాళం, గోడకి కాగితం.
ఎవరూ చావలేదు.
తొమ్మిది నెలలకి కాంట్రాక్టరు గేటు తీసి
పాత కార్డులు చెల్లవన్నాడు.
అందరూ కొత్తవాళ్ళే. మొదటిరోజు కూలి.
నా పక్క మగ్గం పోలినాయుడు
సంతకం పెట్టి తలొంచుకుని లోపలికెళ్ళాడు.
నేను వెళ్ళలేదు.
గొప్పకి చెప్పడం లేదు, అది పంతం.
"నీ పంతానికి కేజీ బియ్యం ఎవుడిస్తాడు?"
అని మా ఇంటిది ఇప్పటికీ అడుగుతుంది.

అందుకని ఇలా అన్నాను:
నాణేలు పోనీ. కవచం చిరగనీ.
దారి దూరం చెయ్యండి, చీకటి చెయ్యండి,
ఏడుపొచ్చేటంత చెయ్యండి,
కానీ దారంటూ ఒకటి ఉంచండి.
లెవెల్‌ని మాత్రం ముట్టుకోవద్దు.
అది జేబులోది కాదు, చేతిలోది.
తెగిన నూలు కొసలు రెండూ
కరెంటు పోయినా నా వేళ్ళు ముడేసేస్తాయి,
ఏ కాగితం చెల్లదన్నా సరే.

"ఇది ఆటే కదా బాబాయ్" అని నవ్వాడు డిల్లేశు.
ఓట్లేస్తే ఐదూ ఐదూ.
పదకొండోవాడికి పాలకొండ దగ్గర సిగ్నల్ పోయింది.

నిన్న రాత్రి రెండు దాటాక ఫోను వణికింది.
ఉప్పుగుహ అడుగున పడిపోయాడట వాడు.
"బాబాయ్, బేగి రా. ఇరవై నిమిషాలే ఉంది.
అన్నీ అందులోనే ఉన్నాయి."
మొత్తం పోవాలన్నవాడే.
గుర్తుచేద్దామనుకున్నాను,
గొంతు విని మానేశాను.

యామిని ఆసుపత్రి వరండాలోంచే
దీపం పట్టుకుని నాతో గుహలోకి దిగింది.
సంచికి అటు తను, ఇటు నేను.
ఎవరో ఇద్దరు వచ్చారు, మా కత్తులు చూశారు,
కాసేపు తచ్చాడి వెళ్ళిపోయారు.
ఇక్కడా కాపలాయే నా బతుకు.

బీటు కానిస్టేబులు బండి ఆపి
"ఏటి సేస్తన్నావురా?" అన్నాడు.
"సంచి కాస్తన్నాను సార్" అన్నాను తల ఎత్తకుండా.
కొట్టు తాళం ఒకసారి లాగి చూసి వెళ్ళాడు.

నాలుగు నిమిషాలుండగా వచ్చాడు డిల్లేశు,
ఒట్టి చొక్కాతో, కుంటుకుంటూ.
ఒక్క మాట లేదు.
వంగి సంచి ఎత్తి భుజాన వేసుకున్నాడు,
అచ్చం కాటా దగ్గర హమాలీలాగే.
దగ్గర్నుంచి మళ్ళీ చూశాను.
నీలిచార లేదు.

పొద్దున్నే కంపెనీకి రాయాలి:
శిక్ష సంగతి తర్వాత చూద్దాం,
ముందు ఆ నేత సరిచెయ్యండి.
ఆ సంచిలో ఏదీ ఆగదు.